శాలువా కప్పి నిలదీయడం: బెంగళూరు తెలుగువాళ్లకు వ్యంగ్యం వాడే పద్ధతి

వెటకారానికి మనవాళ్లకు తర్ఫీదు అక్కర్లేదు. గోదావరి వైపు వాళ్లకైతే కాఫీలో చక్కెర కంటే ముందు అదే పడుతుంది. రాజకీయాల్లో పనికొచ్చే వ్యంగ్యం వేరే సంగతి. దానికి కాస్త కొలత, కాస్త కాగితం పని, బోలెడంత ఓపిక కావాలి.

తేడా ఇలా చూడండి. కార్పొరేషన్ ఇంజినీరును ‘చేతకానివాడు’ అంటే అది తిట్టు. ‘అబ్బో, ఏం పనిమంతుడండీ’ అంటే వెటకారం. ‘మా వీధిలో ఉచితంగా 14 ఇంకుడుగుంతలు తవ్వించినందుకు కృతజ్ఞతలు’ అని శాలువా పట్టుకుని వెళ్తే వ్యంగ్యం. తిట్టుకు ఆయన కోప్పడతాడు. వెటకారానికి నవ్వి ఊరుకుంటాడు. శాలువా దగ్గర మాత్రం ఇరుక్కుంటాడు. తీసుకుంటే గుంతలు తనవేనని ఒప్పుకున్నట్టు, వద్దంటే అవి ఉన్నాయని ఒప్పుకున్నట్టు. మన అలంకారశాస్త్రం దీనికి ఎప్పుడో పేరు పెట్టింది: వ్యాజస్తుతి. పైకి పొగడ్త, లోపల నింద.

ఆ ఇరుకు దానంతట అది పుట్టదు. ఎదుటివాడు నోటితోనో కాగితం మీదో ఇచ్చిన మాట ఒక పక్క ఉండాలి. అందరికీ కంటికి కనిపించే స్థితి ఇంకో పక్క ఉండాలి. మీరు ఆ మాటను అక్షరాలా నమ్మిన అమాయకుడిలా మధ్యలో నిలబడాలి. మాట లేకపోతే అది ఉత్త ఎగతాళి. కంటికి కనిపించేది లేకపోతే ఉత్త ఆరోపణ. మీరు అమాయకత్వం వదిలేసి పళ్లు కొరికితే మళ్లీ తిట్టులోకే దిగిపోతారు.

ముందు మాట దొరకబుచ్చుకోండి

పనిలో సగం ఇదే, నవ్వు రాని సగం. బడ్జెట్ ప్రసంగం, మేనిఫెస్టో, శంకుస్థాపన ఫలకం, నాయకుడి సొంత ఖాతాలోని పోస్టు, టెండరు పత్రం: వీటిలో ఏదో ఒకటి తారీఖుతో సహా చేతిలో ఉండాలి. కర్ణాటక ప్రభుత్వ టెండర్ల వివరాలు రాష్ట్ర కొనుగోళ్ల పోర్టల్ కేపీపీపీలో వెతకొచ్చు. రోడ్డు పని అయితే గుత్తేదారు సొంత ఖర్చుతో మరమ్మతు చెయ్యాల్సిన గడువు ఎంతవరకో ఒప్పందంలో ఉంటుంది. దాన్ని డిఫెక్ట్ లయబిలిటీ పీరియడ్ అంటారు. ఆ గడువు ఇంకా నడుస్తుంటే మీ వ్యంగ్యానికి అంతకంటే మంచి ముడిసరుకు దొరకదు.

కాగితం దొరక్కపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. రుసుము 10 రూపాయలు, జవాబుకు 30 రోజులు. కర్ణాటకలో ఒక మెలిక ఉంది: ఇక్కడి నియమాల ప్రకారం దరఖాస్తు ఒకే విషయం మీద, 150 మాటలకు మించకుండా ఉండాలి. ఆవేదనంతా అందులో పోస్తే తిరగ్గొడతారు. ‘ఫలానా 6వ క్రాస్ రోడ్డు చివరిసారి ఎప్పుడు వేశారు, ఎంత చెల్లించారు, మరమ్మతు బాధ్యత ఏ తేదీ వరకు’ అని మూడు ముక్కలు చాలు. వ్యంగ్యాన్ని మాత్రం దరఖాస్తులోకి రానివ్వకండి. అక్కడ మీరు ఎండు గుమాస్తాలా రాయాలి.

ఇంకో తనిఖీ: ఆ రోడ్డు ఎవరిది? బెంగళూరులో ఇదే పెద్ద ఉచ్చు. గుంత తవ్వింది నగర నీటి సరఫరా చూసే జలమండలి కావచ్చు, మెట్రో కావచ్చు, రోడ్డు జాతీయ రహదారుల సంస్థది కావచ్చు. పైగా 2025 సెప్టెంబరు 2 నుంచి పాత నగరపాలిక బీబీఎంపీయే లేదు. దాని చోట గ్రేటర్ బెంగళూరు అథారిటీ, కింద అయిదు కార్పొరేషన్లు వచ్చాయి. కార్పొరేటర్ల పాత సభ గడువు 2020 సెప్టెంబరులోనే ముగిసింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఎన్నికైన సభ లేకుండానే ఊరు నడిచింది. కాబట్టి కార్పొరేటరే లేనప్పుడు ‘మా కార్పొరేటర్ గారికి జోహార్లు’ అని పోస్టరు వేస్తే ఎవరికీ తగలదు. శాలువా తప్పు భుజం మీద పడితే ‘ఆ రోడ్డు మాది కాదండీ’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నిజమే కాబట్టి మీరు నోరు మూసుకోవాల్సి వస్తుంది.

పార్టీలు ఎలా వాడాయో చూస్తే కిటుకు తెలుస్తుంది

2022 సెప్టెంబరులో బెంగళూరు గోడల మీద అప్పటి ముఖ్యమంత్రి బసవరాజ్ బొమ్మై ముఖంతో క్యూఆర్ కోడ్ పోస్టర్లు వెలిశాయి. చెల్లింపుల యాప్ తీరులో ‘పేసీఎం’ అని పేరు, ఇక్కడ 40 శాతం తీసుకుంటామన్న భావం. స్కాన్ చేస్తే కాంగ్రెస్ నడిపే వెబ్‌సైటు తెరుచుకునేది. ఆ 40 అన్న అంకెను కాంగ్రెస్ పుట్టించలేదు. కాంట్రాక్టర్ల సంఘం 2021లో ప్రధానికి రాసిన లేఖలో చేసిన ఆరోపణ అది. అంటే మాట అప్పటికే జనంలో ఉంది, పోస్టరు దానికో ఆకారం ఇచ్చింది. కూరగాయల బండి మీద కూడా వేలాడే క్యూఆర్ అట్టకు వివరణ ఎవరికి కావాలి? ఆ పైన పోస్టర్లు అంటించినవాళ్లను పోలీసులు పట్టుకోవడంతో సిద్ధరామయ్య, డి.కె. శివకుమార్ తామే జిగురు పట్టుకుని రోడ్డెక్కారు. అరెస్టులు చెయ్యకపోతే ఆ పోస్టరు రెండు వానలకు కొట్టుకుపోయేది. 2023 మేలో 224 సీట్లలో కాంగ్రెస్‌కు 135 వచ్చాయి. గెలుపంతా పోస్టరుదేననడం వెర్రితనం. కానీ ‘40 శాతం’ అన్న రెండు మాటలు ఎన్నికల దాకా చెదరకుండా ఉన్నాయి.

అదే పార్టీవాళ్లు 2023 ఫిబ్రవరి 17న, బొమ్మై బడ్జెట్ చదివిన రోజున, చెవిలో పువ్వు పెట్టుకుని సభకు వచ్చారు. మోసం చెయ్యడాన్ని కన్నడం వాళ్లూ మనమూ ఒకే పువ్వుతో చెప్పుకుంటాం కాబట్టి కోలారు రైతుకైనా మారతహళ్లి టెకీకైనా తర్జుమా అక్కర్లేకపోయింది.

ఇప్పుడు బెడిసికొట్టినదాన్ని చూడండి. 2024 ఏప్రిల్‌లో, లోక్‌సభ ఎన్నికల ముందు, కేంద్రం కర్ణాటకకు ఇచ్చింది ‘చొంబు’ అని కాంగ్రెస్ పత్రికల్లో ప్రకటన వేసింది. కన్నడంలో చేతికి చొంబు ఇవ్వడమంటే మన చిప్ప చేతికివ్వడమే. బాగానే తగిలింది. అయితే చిక్కబళ్లాపురం సభలో, బీజేపీతో పొత్తులో ఉన్న జేడీఎస్ నేత దేవెగౌడ దాన్ని అందుకుని, కాంగ్రెస్ వదిలిపోయిన ఖాళీ చొంబును మోదీ అక్షయపాత్ర చేశారని తిప్పికొట్టారు. 28 సీట్లలో బీజేపీకి 17, జేడీఎస్‌కు 2, కాంగ్రెస్‌కు 9. లెక్కలకు వంద కారణాలుంటాయి గానీ పనితనంలో లోపం ఒకటి స్పష్టం: ఖాళీ పాత్రను ఎదుటివాడు మాటతో నింపగలడు.

దీని పక్కన తమిళనాడు ఇటుక పెట్టి చూడండి. మదురై ఎయిమ్స్‌కు 2019 జనవరి 27న శంకుస్థాపన జరిగింది. 2021 మార్చిలో ఉదయనిధి స్టాలిన్ ప్రచార సభల్లో ఒక ఇటుక ఎత్తి చూపించి, ఇదిగో మీ ఎయిమ్స్ అన్నారు. ఇటుకను మాటతో నింపలేరు. దానికి జవాబు దాని మీద ఇంకో ఇటుక పెట్టడమే. ఆయన ఇటుక దొంగిలించాడని పోలీసులకు ఫిర్యాదు కూడా వెళ్లింది. ఎదుటి పక్షం అంత పెద్ద సాయం అడిగినా చెయ్యదు.

తెలంగాణలో 2024లో ఇదే ‘కేంద్రం ఏమీ ఇవ్వలేదు’ అన్న మాటకు రేవంత్ రెడ్డి గాడిద గుడ్డు బొమ్మ పట్టుకుని తిరిగారు. ఒకే విషయానికి కన్నడంలో చొంబు, తెలుగులో గుడ్డు. తారుమారు చేస్తే రెండూ పనిచెయ్యవు. మన ఊళ్లో చెంబు పట్టుకుని నిలబడితే జనం వేరే పని మీద బయల్దేరావనుకుంటారు.

ఇంకో రకం ఉంది, తిట్టును బిరుదుగా తగిలించుకోవడం. 2009 జనవరిలో మంగళూరు పబ్‌లో శ్రీరామసేన వాళ్లు ఆడవాళ్ల మీద దాడి చేశారు. ఫిబ్రవరిలో కొందరు మహిళలు తమకు తామే ‘పబ్బులకు వెళ్లే బరితెగించిన ఆడవాళ్ల సంఘం’ అన్న అర్థం వచ్చే పేరు పెట్టుకుని ఆ సంస్థ నాయకుడికి గులాబీ రంగు చడ్డీలు పంపే ఉద్యమం నడిపారు. ఎదుటివాడు విసిరే రాయిని ముందే మెడలో దండగా వేసుకుంటే వాడికి విసరడానికేమీ మిగలదు. ఇది తిట్లు తిన్నవాళ్లు మాత్రమే వాడాల్సిన పద్ధతి. వాళ్ల తరఫున మీరు ఆ పేరు పెట్టకూడదు.

తెలుగు మీ చేతికిచ్చే పనిముట్లు

అన్నిటికంటే పదునైనది ఒక్క అక్షరం: ట. ‘రోడ్డు వేశారు’ అంటే మీరు సాక్ష్యం చెప్పినట్టు. ‘రోడ్డు వేశారట’ అంటే ఆ మాట మీది కాదు, ఎవరో అంటే విన్నారు. అబద్ధమని అనలేదు, నిజమనీ ఒప్పుకోలేదు. బిల్లు చెల్లించిన తేదీ ముందు పెట్టి చివర ట తగిలించండి: ‘మార్చి 12న 6వ క్రాస్‌కు తారు వేశారట.’ కింద ఫొటో. ఇంకేం రాయకండి.

తర్వాత ‘కాబోలు’. వివరణను మీరే ఉదారంగా అందిస్తున్నట్టు నటించడానికి ఇది పనికొస్తుంది. ‘వీధిదీపాలు పగలు వెలిగి రాత్రి ఆరిపోతున్నాయి, ఉద్యోగులవి ఆఫీసు వేళలు కాబోలు.’ ‘పాపం’ కూడా ఇదే జాతి, కాకపోతే ఒక్కసారికి మించి వాడితే అత్తగారి దెప్పిపొడుపులా వినిపిస్తుంది. ‘గారు’ సంగతి జాగ్రత్త. మామూలుగా పెట్టాల్సిన ఒక్క గారు పెట్టండి. ‘శ్రీశ్రీశ్రీ మహారాజరాజశ్రీ’ అని మొదలెడితే వెటకారమని రెండో అక్షరానికే తెలిసిపోయి చదివేవాడు మిగతాది వదిలేస్తాడు. నవ్వు ముఖాల బొమ్మలూ అంతే. నవ్వు ముఖం పెట్టారంటే మీ వాక్యం మీద మీకే నమ్మకం లేనట్టు.

సరే, ఒక ముసాయిదా దిద్దుకుందాం.

మొదటి ప్రయత్నం సాధారణంగా ఇలా వస్తుంది: ‘రోడ్డును ఇలా తగలేసిన అధికారులకు జోహార్లు! సిగ్గుండాలి!’ రెండో వాక్యంతో ముసుగు ఊడిపోయింది. రెండో ప్రయత్నం: ‘ఇంత అద్భుతమైన రోడ్లు ఇచ్చిన ప్రభుత్వానికి వందనాలు.’ ముసుగు ఉంది, లోపల ఎవరూ లేరు. ఏ ఊళ్లో, ఏ పార్టీ మీదైనా అతికించొచ్చు, కాబట్టి ఎవరికీ గుచ్చుకోదు. మూడోది ఇలా ఉండాలి:

‘ఇంజినీరు గారికి నమస్కారం. 30×40 స్థలంలో కొత్తగా ఇల్లు కట్టుకునేవారు వాననీటి సేకరణ ఏర్పాటు చేసుకోవాలన్నది జలమండలి నియమం. స్థలం సరిపోని 6వ క్రాస్ నివాసుల ఇబ్బంది గ్రహించి తమరు రోడ్డు మీదే 14 గుంతలు ఏర్పాటు చేశారు. పెద్దది 6 అడుగుల పొడవు, 9 అంగుళాల లోతు. సోమవారం వానకు అన్నీ నిండాయి. గురువారానికి కూడా నీళ్లు ఇంకలేదు గనుక అడుగున కంకర పోయించగలరు. ఈ నెల 15న ఉదయం 7 గంటలకు గుంతల దగ్గర తమకు శాలువా కప్పదలిచాం. తమరు రాలేకపోతే గుంతకు కప్పుతాం. గుంతల కొలతలు, ఈ రోడ్డుకు మరమ్మతు గడువు ఇంకా ముగియలేదని చూపే ఒప్పందం నకలు జతచేశాం.’

ఇందులో ఒక్క తిట్టు లేదు, ఒక్క ఆశ్చర్యార్థకం లేదు. జలమండలి నియమం నిజం, 2009 సవరణతో వచ్చింది. కొలతలు టేపుతో కొలిచినవై ఉండాలి. 14 అని రాసి అక్కడ 11 ఉంటే ఆ మూడు గుంతలూ మీ పరువులో పడతాయి. అసలు దెబ్బ చివరి వాక్యంలో, గడువు ముగియలేదన్న చోట ఉంది. గుంతల కబురు నవ్వించి పత్రికవాళ్లను దగ్గరికి తెస్తుంది, ఒప్పందం నకలు పని చేయిస్తుంది. నకలు జతచెయ్యని వ్యంగ్యం ఎంత బాగున్నా సాయంత్రానికి వాట్సాప్‌లో ఇంకిపోతుంది.

కన్నడ ఊళ్లో తెలుగు నోరు

ఇది మొహమాటపడకుండా చెప్పాల్సిన సంగతి. బెంగళూరులో తెలుగువాడు రోడ్డును వెక్కిరిస్తే, ‘బయటివాళ్లొచ్చి మా ఊరిని ఎగతాళి చేస్తున్నారు’ అని వినిపించే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. అంతే, గుంత సంగతి పోయి భాష సంగతి వస్తుంది. తప్పించుకోవాల్సిన అధికారికి అదే వరం.

కాబట్టి గురి ఎప్పుడూ ఒక కార్యాలయం మీదే, ఒక హోదా మీదే ఉండాలి. ఊరి మీద, భాష మీద, వానల మీద, ఆటోవాళ్ల మీద కాదు. ‘మా హైదరాబాద్‌లో అయితే’ అన్న మాట కలలో కూడా రాకూడదు. అక్కడి గుంతల ఫొటోలు పది నిమిషాల్లో మీ పోస్టు కింద వరసకడతాయి. ప్లకార్డు మీద కన్నడం పైన, పెద్దగా ఉండాలి. తెలుగు కావాలంటే కింద. కన్నడ వాక్యాన్ని మీరు తెలుగులోంచి లాక్కురాకండి. ఆ భాషలో పుట్టినవాళ్లతో రాయించండి, రాయించాక ఇంకొకరితో చదివించండి. దగ్గరి భాషలు కావడమే ఇక్కడ గొయ్యి. రోడ్డు గుంతను కన్నడంలో గుండి అంటారు. మనకు గుండీ చొక్కాకుంటుంది. ఈ జోడీ మీద మనవాళ్లు తెగ నవ్వుకుంటారు గానీ కన్నడ పాఠకుడికి అందులో చమత్కారమేమీ కనిపించదు.

కులం, ప్రాంతం, ఒంటి రంగు, అవతలి మనిషి ఇంగ్లిషు: వీటి మీద వేసిందేదీ రాజకీయ వ్యంగ్యం కాదు. కింది మెట్టు మీద ఉన్నవాడి మీదా వద్దు. గుంతలో తారు పోసే కూలీనో, కౌంటరులో గుమాస్తానో ఆటపట్టిస్తే పైవాడు హాయిగా మీతో కలిసి నవ్వుతాడు.

మాట కంటే వస్తువు

రెండు మూడు భాషల వీధిలో బొమ్మకు తర్జుమా అక్కర్లేదు. కళాకారుడు బాదల్ నంజుండస్వామి 2015 జూన్‌లో సుల్తాన్‌పాళ్య ప్రధాన రహదారి గుంతలో, నీటి మడుగులో తేలుతున్నట్టు, నిజమైన మొసలంత బొమ్మ పెట్టారు. బరువు 20 కిలోలు, ఖర్చు 6,000 రూపాయలు. రాతలేదు, నినాదం లేదు. అధికారులు వచ్చి గుంత పూడ్చారు. 2019 సెప్టెంబరు మొదట్లో, చంద్రయాన్-2 ల్యాండర్ దిగడానికి కొద్ది రోజుల ముందు, హేరోహళ్లి దగ్గరి ఒక రోడ్డు మీద వ్యోమగామి వేషంలో నటుణ్ని నెమ్మదిగా నడిపించి వీడియో తీశారు. చంద్రుడి మీద నడుస్తున్నాడనే అనుకుంటాం, పక్కనుంచి ఆటో వెళ్లేదాకా. ఆ ఆటోలోనే ఉంది పనితనమంతా. అది లేకపోతే అంతరిక్షం వీడియో, మొదట్లోనే వస్తే మామూలు గుంతల వీడియో. ఇస్రో ఉన్న ఊళ్లో ఆ వారమే వదలడం రెండో తెలివి.

ఇలాంటి వీడియో మీరు తీస్తే నిమిషం దాటనివ్వకండి, అసలు సంగతి బయటపడే క్షణాన్ని మూడో వంతు దగ్గర పెట్టండి. ప్లకార్డు అయితే అక్షరం ఎత్తు చూసుకోండి: పది అడుగుల దూరానికి కనీసం అంగుళం. 30 అడుగుల అవతల ఆగిన బస్సులోంచి చదవాలంటే మూడు అంగుళాల అక్షరాలు, రెండడుగులు బై మూడడుగుల అట్ట మీద ఏడెనిమిది మాటలకు మించి పట్టవు. ఫ్లెక్సీ జోలికి పోకండి. నగరంలో దాని మీద నిషేధం ఉంది, మీ వ్యంగ్యం మీదికే తిరుగుతుంది. గుడ్డ మీద రాయించండి.

రోజు ఎంచుకోవడం మీద కొంచెం బుర్ర పెట్టండి. ఇంజినీర్ల మీద శాలువాకు సెప్టెంబరు 15ను మించిన రోజు లేదు. ఇంజినీర్స్ డే, పైగా వానాకాలం, గుంతలు నిండుగా ఉంటాయి. అది విశ్వేశ్వరయ్య పుట్టినరోజు. ఆయన పుట్టింది చిక్కబళ్లాపురం దగ్గరి ముద్దెనహళ్లిలో, పూర్వీకులది మన ప్రకాశం వైపు మోక్షగుండం. ఆ ఇంటిపేరులోని గుండం మీద శ్లేష తట్టని తెలుగువాడుండడు. మింగెయ్యండి. ఆయన్ను ఈ ఊరు దేవుడిలా చూస్తుంది.

అరిగిపోయిన రూపాలు కొన్ని: గుంతలో వరినాట్లు, గాంధీ విగ్రహానికి వినతిపత్రం, గాడిదకు దండ, శవయాత్ర. ఇవి ఒకప్పుడు వ్యంగ్యాలే. ఇప్పుడు జిల్లా పేజీలో రెండంగుళాల ఫొటో, అంతే. జనం రూపాన్ని గుర్తుపట్టి డిమాండు చదవరు. తప్పనిసరైతే ఒక్క భాగం మార్చండి. విగ్రహానికిచ్చే వినతిపత్రానికి వాపసు రసీదు అడగండి, 30 రోజులయ్యాక అదే విగ్రహం ముందు మొదటి అప్పీలు పెట్టండి.

ఎక్కడ చెడుతుంది

జనం నిజమనుకోవడం అన్నిటికంటే మామూలు ప్రమాదం. విడుదలకు ముందు, విషయం తెలియని అయిదుగురికి ఏ ముందుమాటా లేకుండా చూపించండి. ఒకరు ‘నిజమా?’ అంటే ఫరవాలేదు. ఇద్దరంటే తిరగరాయండి. వివరణ చేర్చడం కాదు, అంకెను పెద్దది చెయ్యడమో, ఫొటోలో వాస్తవం భాగాన్ని పెంచడమో చెయ్యాలి. పొగడ్తా రుజువూ ఒకే చట్రంలో ఉండాలి. పైన పొగడ్త, తర్వాతి బొమ్మలో గుంత అని విడదీస్తే మొదటి బొమ్మ ఒక్కటే ఊరంతా తిరుగుతుంది, మీరు ఆ నాయకుడి అభిమాని అయిపోతారు. వీడియోకూ ఇదే పరీక్ష: ఎక్కడ కోసినా పది సెకన్ల ముక్కలో మీ ఉద్దేశం బతకాలి.

మనుషులు పోయిన చోట వ్యంగ్యం వద్దు. 2025 జూన్ 4న చిన్నస్వామి స్టేడియం దగ్గర తొక్కిసలాటలో 11 మంది చనిపోయిన వారంలో ఎవరి మీద ఎంత న్యాయమైన చమత్కారం వేసినా అది చనిపోయినవాళ్ల మీదుగానే వెళ్లేది. అప్పుడు నేరుగా అడగాలి, ఎండుగా.

చట్టం దగ్గర

‘నేను పొగిడానే తప్ప తిట్టలేదు కదా’ అన్న వాదన కోర్టులో నిలవదు. భారతీయ న్యాయసంహిత 356వ సెక్షన్, అంతకుముందు 1860 నాటి శిక్షాస్మృతిలో 499వ సెక్షన్, రెండూ వ్యంగ్యంగా అన్న మాట కూడా పరువునష్టం కావచ్చని విడమరిచి చెబుతాయి. చట్టం ఇచ్చిన ఉదాహరణే ఉంది: ‘జెడ్ నిజాయితీపరుడు, బి గడియారం ఎన్నడూ దొంగిలించలేదు’ అని, దొంగిలించాడని నమ్మించే ఉద్దేశంతో అంటే అది పరువునష్టమే, మినహాయింపుల్లోకి వస్తే తప్ప. వ్యాజస్తుతిని మనకంటే ముందు చట్టం చదువుకుంది. శిక్ష రెండేళ్ల వరకు సాధారణ జైలు, జరిమానా, లేదా సమాజసేవ. మినహాయింపుల్లో మీకు పనికొచ్చేవి రెండు: ప్రజాహితం కోసం చెప్పిన నిజం, ప్రభుత్వోద్యోగి విధినిర్వహణ మీద సద్భావంతో చెప్పిన అభిప్రాయం. అందుకే గుంత గురించి మాట్లాడండి, రోడ్డు గురించి మాట్లాడండి. ‘వాటా ఎంతో పాపం’ అన్న ఒక్క ముక్క కలిపితే రుజువు బరువు మీ మీద పడుతుంది. పెద్ద పార్టీలకే తప్పలేదు. 2023 ఎన్నికల ముందు కాంగ్రెస్ వేసిన అవినీతి ‘రేటు కార్డు’ ప్రకటన మీద పరువునష్టం కేసు పడి, 2024 జూన్‌లో రాహుల్ గాంధీ బెంగళూరు కోర్టుకొచ్చి బెయిలు తీసుకోవాల్సి వచ్చింది.

శాసనసభ్యులందరినీ కలిపి అంటే సభాహక్కుల గొడవ వేరే ఉంది. 1987లో ఎమ్మెల్యే ఎవరో మంత్రి ఎవరో పోల్చుకునే అట్టమీది కార్టూనుకు తమిళ వారపత్రిక ఆనంద వికటన్ సంపాదకుడు ఎస్. బాలసుబ్రమణియన్‌కు తమిళనాడు శాసనసభ మూడు నెలల కఠిన శిక్ష వేసింది. గోల కావడంతో కొద్ది రోజుల్లోనే వదిలేశారు. తర్వాత మద్రాసు హైకోర్టు ఆయనకు 1,000 రూపాయల పరిహారం ఇప్పించింది.

ఎన్నికల వేళ పోస్టరు, కరపత్రం ఏదైనా సరే ముద్రించినవారి, ప్రచురించినవారి పేరు, చిరునామా దాని మీద ఉండాలి. ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఏ సెక్షన్ ఇది. లేకపోతే ఆరు నెలల వరకు జైలు, 2,000 వరకు జరిమానా, లేదా రెండూ. బహిరంగ గోడల మీద అంటించడానికి 1981 నాటి కర్ణాటక చట్టం అడ్డం.

గుంపుగా చేరితే అది ప్రదర్శన అవుతుంది. 2021 ఉత్తర్వు ప్రకారం బెంగళూరులో ధర్నాలూ ఊరేగింపులూ ఫ్రీడం పార్కులోనే. అది ఒకప్పటి సెంట్రల్ జైలు, ఎమర్జెన్సీలో వాజపేయి, అద్వానీ ఉన్న చోటు. దానికి మనం వ్యంగ్యం అద్దనక్కర్లేదు, అలాగే బాగుంది. గుంతకు శాలువా కప్పడానికి ముగ్గురు చాలు: ఒకరు కప్పడానికి, ఒకరు ఫొటోకు, ఒకరు వచ్చే బండ్లను చూసుకోవడానికి. పొద్దున్నే ముగించి, శాలువా తీసేసి రండి. నీళ్లలో తడిసిన గుడ్డ చక్రానికి చుట్టుకుని ఎవరైనా పడితే ఆ పాపం ఇంజినీరుది కాదు.

పని జరిగాక

చాలామంది ఇక్కడే చెడగొట్టుకుంటారు. తారు లారీ వచ్చిన రోజున ‘చూశారా మా దెబ్బ’ అని పోస్టు పెడతారు. అధికారి ఇంకోసారి మీ వీధి వైపు చూడడు. టేపు పట్టుకుని వెళ్లి 14లో ఎన్ని పూడ్చారో లెక్కపెట్టండి. 12 అయితే 12 అనే రాయండి, మిగిలిన రెండింటి ఫొటో కింద పెట్టండి. పూడ్చినవాటికి కృతజ్ఞత చెప్పండి, ఈసారి ఉత్త కృతజ్ఞత. పాత పోస్టు తీసెయ్యకండి, దాని కిందే తారీఖు వేసి ఒక్క వాక్యం చేర్చండి: ‘6వ క్రాస్‌లో 12 గుంతలు పూడ్చారు.’ పూడ్చారట అని కాదు, పూడ్చారు.